పొత్తు భోజనము

పగలంతా పనిచేసిన మనిషికి సాయంకాలము రెండు ఆకలులు కలుగుతవి. ఒకటి అన్నానికి, రెండవది మాటకు. మొదటి ఆకలిని ఎవరైనా ఒంటరిగా కూర్చుండి తీర్చుకొనవచ్చును. రెండవది తీరవలెనంటే ఎదుట మరియొక మనిషి ఉండవలెను. అందుచేతనే పని విడిచిన తరువాత మిత్రునితో కూర్చుండి ఇంత తిని, నాలుగు మాటలు చెప్పుకొని ఇల్లు చేరడము అనేక దేశాలలో ఆచారమై కనబడుతున్నది. దీనిని కొందరు విలాసమని తలుస్తారు. అది విలాసమా, అవసరమా అన్న విచారణకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి శ్రమజీవుల పట్టణాలు తగిన స్థలాలు.

మన భాషలో 'పొత్తు' అనే చక్కని మాట ఉన్నది. నేడు దానిని రాజకీయపక్షాల కలయికకే విడిచిపెట్టినాము. కాని పొత్తున కుడుచుట అంటే కలిసి భుజించుట. 'కంచం పొత్తు' అన్నప్పుడు ఆ పాత అర్థమే నిలిచియున్నది. ప్రాణస్నేహితులను గురించి 'ఒకే కంచం, ఒకే మంచం' అని ఊళ్ళలో అనుకొనే మాట కూడ దీనికి చుట్టమే. పోతన భాగవతములో దశమస్కంధము చదివిన విద్యార్థులకు, యమున ఒడ్డున కృష్ణుడు గోపబాలురతో కూర్చుండి చల్దులు ఆరగించిన ఘట్టము గుర్తుండును. ఆ పిల్లలు కూడ పనిమీద వచ్చినవారే. లేగలను కాచి అలసినవారే. తెలంగాణమున స్నేహాన్ని దోస్తానా అన్నట్లే సోపతి అని కూడ అంటారు. సోపతి అంటే తోడు. దారికి తోడు, పనికి తోడు, తిండికి తోడు.

మిత్రుల సాయంకాలాలకు, వెల పెట్టి కొన్న భోజనానికి తెలుగు సాహిత్యములో ప్రసిద్ధమైన సాక్ష్యము క్రీడాభిరామము. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ఈ కృతి వీథి అనే రూపకభేదమునకు చెందినది. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమునకు తెలుగు సేత. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు, ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు వైశ్యుడు, ఓరుగల్లు వీధులలో తిరుగుతూ, చూచినదెల్ల ముచ్చటించుకొంటారు. అందులో పూటకూటి యింటి ప్రసక్తి వస్తుంది. లక్ష్మణవజ్ఝల యింట ఒక్క రూకకు దొరికే భోజనాన్ని కవి పట్టిక వ్రాసినట్లు చెప్పినాడు: కప్పురభోగి అన్నము, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు రకాల నంజుళ్ళు, గడ్డపెరుగు.

రాజుల విందులను వర్ణించిన కావ్యాలు మనకు తక్కువ లేవు. కాని తిండికి పక్కన వెల కూడ వ్రాసిన పద్యము అరుదు. వెల తెలిసినచోట తినేవాని బ్రతుకు కూడ తెలుస్తుంది. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో కాకతీయుల నాటి జనజీవనానికి క్రీడాభిరామమును విరివిగా వాడుకొన్నారు. ఆ గ్రంథానికే 1955లో తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి లభించినది. ప్రజలేమి తిన్నారు, ఎక్కడ తిన్నారు, ఎవరితో తిన్నారు అన్న ప్రశ్నలు చరిత్రకు తగినవేనని ఆయన నిరూపించినారు.

ఆ ప్రశ్నలనే పట్టుకొని ఓరుగంటి వీధులనుండి మానేరు ఒడ్డుకు వచ్చి చూతము. సిరిసిల్ల మరమగ్గాల పట్టణము. మరమగ్గాన్ని అక్కడివారు సాంచె అంటారు. చిరకాలము కరీంనగరం జిల్లాలో ఉన్న ఈ ఊరు 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాకు కేంద్రమైనది. ఆ దినముననే జగిత్యాల కూడ జిల్లా కేంద్రమైనది. కోరుట్ల ఆ జిల్లాలోనిది. సిరిసిల్లలో నేతపేటలకు పోయినవారిని ముందుగా పలుకరించేది సాంచెల చప్పుడు. షెడ్డులో ఒక మనిషి అనేక సాంచెలమీద కన్ను వేసియుండవలెను. తెగిన పోగును ముడివేయవలెను, కండె అయిపోయిన నాడెను మార్చవలెను, తిరిగి పక్క సాంచె చూడవలెను. పన్నెండు గంటల పాళీలు అక్కడ కొత్త కాదు. ఆ చప్పుడులో పక్కవానితో మాట్లాడవలెనంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవవలెను. లేకున్న చేసైగతో సరిపెట్టుకొనవలెను. అంటే ఆ కార్మికునికి పగలంతా పక్కన మనిషి ఉండును గాని మాట ఉండదు.

అందుచేత పాళీ దిగిన తరువాత హోటలు బల్ల అతనికి ఎంత అవసరమో ఊహించవచ్చును. ఇద్దరు వచ్చి కూర్చుంటారు. ఒకరు 'వన్ బై టూ' అని కేక వేస్తారు. ఒక చాయ్ రెండు గ్లాసులలోకి వస్తుంది. చాయ్ సగము సగమే. కాని బల్లమీద కూర్చుండే హక్కు ఇద్దరికీ నిండుగా ఉంటుంది.

"అన్నా, వారం పైసలు అచ్చినయా?"

"సగమే అచ్చినయి తమ్మీ. కడమయి ఐతారం నాడు ఇస్తమన్నరు."

ఇంతమాత్రపు మాటకు చాయ్ చల్లారుతుంది. అయినా ఆ మాట ఇంటిలో చెప్పినట్లుండదు. ఇంటిలో చెబితే ఇల్లాలికి దిగులు, ముసలి తల్లికి భయము. మిత్రునితో చెబితే సగము బరువు అతడు తీసుకొంటాడు. అతని బరువులో సగము ఇతడు తీసుకొంటాడు. వన్ బై టూ అనే మాట చాయ్‌కి మాత్రమే చెల్లేది కాదు.

ఆ హోటలు ముంగిట ఒక పెనము ఉంటుంది. దోసెలు పోసేవాడు కాలిన పెనముమీద నీళ్ళు చల్లుతాడు. అవి చుయ్యిమని ఎగురుతవి. పిండి పోసి గరిటె అడుగుతో తిప్పుతాడు. అంచులు లేచినప్పుడు అట్లకాడ దూర్చి మడుస్తాడు. తినబోయేవాడు అంతసేపు ఎదుటనే నిలబడి చూస్తుంటాడు. కారము తగ్గించుమన్నా, బాగుగా కాల్చుమన్నా అక్కడికక్కడే చెప్పవచ్చును. గోడ వెనుక వండి తెచ్చిన వంటకానికీ, కంటి ఎదుట కాలిన దోసెకూ రుచిలో భేదమున్నా లేకున్నా, నమ్మకములో భేదమున్నది. వండేవాని చేయి, తినేవాని కన్ను ఒకదానినొకటి కలుసుకొనే చోటు ఈ పెనము.

పెనముచుట్టూ మనుషులను కూర్చుండబెట్టి దానినే ఒక భోజనపద్ధతిగా మార్చినవారు జపానువారు. వారి భాషలో 'తెప్పాన్' అంటే ఇనుపపలక. 'యాకి' అంటే కాల్చినది. రెండు కలిసి తెప్పన్‌యాకి అయినది. ఈ పేరు వినగానే ఏదో పురాతన రాజభోగమనిపించును గాని, ఇప్పుడు మనమెరిగిన ఈ పద్ధతి వయస్సు నూరేండ్లు కూడ లేదు. రెండవ ప్రపంచయుద్ధములో బాంబుల దాడికి గురియైన కోబె నగరములో 1945లో మిసోనో అనే భోజనశాల దీనిని ఆరంభించినదని ప్రసిద్ధి. ఇనుపపలకమీద మాంసమును, కూరగాయలను అతిథుల ఎదుటనే కాల్చి పెట్టడము దాని విశేషము. తొలినాళ్ళలో స్వదేశీయులకంటె విదేశీయులే దీనిని ఎక్కువగా మెచ్చినారట.

1964లో హిరోఆకి అవోకి అనే యువకుడు ఈ పద్ధతిని న్యూయార్కు నగరములో ప్రవేశపెట్టినాడు. జపానులో అతడు కుస్తీ పట్టినవాడు. అమెరికాలో బండిమీద ఐస్‌క్రీము అమ్మి డబ్బు కూడబెట్టినవాడు. తన భోజనశాలకు బెనిహానా అని పేరు పెట్టినాడు. బెనిహానా అంటే ఎర్రని కుసుమపువ్వు. కుసుమ నూనె ఎరిగిన తెలంగాణ రైతుకు ఆ పువ్వు కొత్తది కాదు. అక్కడ బల్ల మధ్య ఇనుపపలక. మూడు వైపుల అతిథులు, నాలుగవ వైపున వంటవాడు. రెండు చేతుల రెండు అట్లకాడలు పట్టి, కత్తిని త్రిప్పి, ఉల్లిపాయ చక్రాలను గోపురముగా పేర్చి మంట లేపి, చూపరులను ఆనందపెడుతూ వండుతాడు.

ఈ ప్రదర్శన వెనుక వ్యాపారపు లెక్క కూడ ఉన్నది. వంట బల్లమీదనే జరిగినందున వెనుక వంటయిల్లు చిన్నదైనను చాలును. ఎనమండుగురు పట్టే బల్లకు ఇద్దరే వచ్చినచో, ఎవరో తెలియని మరి ఆరుగురిని వారి పక్కన కూర్చుండబెట్టుతారు. చోటు వృథా పోదు. కాని లెక్క ఏదైనా ఫలితము వింతయైనది. ఇద్దరు మిత్రులు తమ మాట తాము చెప్పుకొనవచ్చుననుకొని వస్తారు. మంట లేచినప్పుడు ఎనమండుగురూ ఒక్కసారి వెనుకకు వాలి, ఒక్కసారి నవ్వుతారు. పరిచయము లేనివారు భోజనము ముగిసేవరకు పరిచితులవుతారు. తినడానికి ముందు జపానువారు 'ఇతదకిమాసు' అంటారు. వినయముతో స్వీకరిస్తున్నానని దాని భావము. ఎదుట నిలబడి చెమటోడ్చి వండేవాడు కనబడుతున్నప్పుడు ఆ మాటకు అర్థము మరింత బరువెక్కుతుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారు కూడ పని విడిచిన సాయంకాలములలో ఇట్టి బల్లలచుట్టూ చేరుతున్నారు. అక్కడ దీనిని హిబాచి అనే పేరుతోనే ఎక్కువగా పిలుస్తారు. మాంసము కాలిన పలకమీదనే తన కూరగాయలు కాలవలెనా అని శాకాహారి సందేహిస్తాడు. కొన్నిచోట్ల పలకను కడిగి వండుతారు. కొన్నిచోట్ల పలకలో ఒక మూల కేటాయిస్తారు. కొందరు మిత్రునికోసము సర్దుకొంటారు. కొందరు అన్నము మాత్రమే తిని లేస్తారు. ఒకే పలకమీద ఎవరెవరి తిండి కాలవచ్చును అన్న ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, మన దేశములో దాని వేళ్ళు చాల లోతైనవి.

మన సంఘములో ఎవరు ఎవరితో కూర్చుండి తినవచ్చునన్నది చిరకాలము కులము నిర్ణయించినది. పన్నెండవ శతాబ్దమున పలనాటి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారిని ఒక చాపమీద కూర్చుండబెట్టి చాపకూడు పెట్టినాడని నేటికీ చెప్పుకొంటారంటే, ఆ పని ఎంత అరుదైనదో తెలుస్తున్నది. తరువాతి కాలపు పూటకూళ్ళ యిండ్లలో పంక్తిభేదము పాటించినారు. పల్లెలలో కొన్ని హోటళ్ళలో దళితులకు వేరే గ్లాసులు ఉంచిన దురాచారము నిన్నమొన్నటిది. తెలంగాణమున దొరల గడీలలో వెట్టి చేసినవారికి కూర్చుండి తినే గౌరవము కూడ లేకపోయినది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది రైతుకూలీలు జైత్రయాత్ర జరిపి ఈ దొరతనాన్ని ప్రశ్నించినారు. అడిగినది కూలి మాత్రమే కాదు, మనిషిగా ఎదుట నిలబడే హక్కును కూడ అడిగినారు. ఈ చరిత్ర ఎరిగినవానికి, నేడు పట్టణములో వేరు వేరు కులాల ఇద్దరు మిత్రులు ఒకే బల్లమీద, ఒకే తీరు గ్లాసులలో వన్ బై టూ త్రాగడము సామాన్య విషయముగా తోచదు.

బల్లమీద కూర్చున్నవారంతా పురుషులే కదా అని విద్యార్థినులు అడిగినచో ఆ ప్రశ్న న్యాయమైనదే. పని స్త్రీలూ చేస్తున్నారు. కోరుట్లలో, జగిత్యాలలో, సిరిసిల్లలో బీడీలు చుట్టే స్త్రీలు వేలమంది. ఒడిలో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టుతూ పగలంతా కూర్చుంటారు. వారికి హోటలు బల్ల లేదు. అయినా వారు పొత్తును వదలుకొనలేదు. ఒక యింటి అరుగుమీద నలుగురు చాటలతో చేరుతారు. చేతులు ఆగవు, మాటలు ఆగవు. అన్నము వేళకు ఒకరి పచ్చడి మరియొకరి కంచములోకి పోతుంది. సాయంకాలము ఏ యింట సర్వపిండి పెట్టినా తునక తునక అందరికీ అందుతుంది.

ఈ సర్వపిండి తెలంగాణపు తెప్పన్‌యాకి అని చమత్కారముగా అనవచ్చును. బియ్యపు పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కరివేపాకు, కారము, ఉప్పు వేసి కలుపుతారు. నూనె రాచిన సర్వ లోపలి గోడకు ఆ ముద్దను చేతితో పలుచగా తట్టుతారు. వ్రేలితో అక్కడక్కడ రంధ్రాలు చేసి వాటిలో నూనె చుక్కలు వేస్తారు. మూతపెట్టి సన్నని సెగమీద ఉంచితే, గోడకంటిన పొర ఎర్రగా కాలి, తనంతట తానే విడివడుతుంది. కొన్ని ప్రాంతాలలో దీనినే గిన్నప్ప అనీ, తపాలచెక్క అనీ అంటారు. దీనిలో ఒక చిక్కు ఉన్నది. వేడి సర్వకు పచ్చిపిండి తట్టరాదు, చేయి కాలుతుంది. ఒకటి కాలిన తరువాత సర్వను చల్లార్చి రెండవది తట్టవలెను. కాబట్టి ఒకేసారి అందరికీ వడ్డించడము కుదరదు. ఒకటి వచ్చునంతసేపు నలుగురు ఎదురుచూడవలెను. వచ్చినదానిని నలుగురు పంచుకొనవలెను. పొత్తు భోజనమును ఆ పాత్రయే నేర్పుతున్నది.

అయితే ఇక్కడ జపాను పలకనుండి మనము నేర్చుకొనవలసిన పాఠమొకటి ఉన్నది. అక్కడ వండేవాడు అందరి ఎదుట నిలబడి, అందరి మెప్పు పొందుతాడు. మన యిండ్లలో వండే స్త్రీ పొయ్యి దగ్గర ఒంటరిగా ఉంటుంది. మొదటి సర్వపిండి అతిథికి, తరువాతిది పిల్లలకు, చివర మిగిలిన మాడుచెక్క ఆమెకు. పగలు వేయి బీడీలు చుట్టిన చేతులే సాయంకాలము పిండి తట్టుతున్నవని తినేవారు ఒక్కమారు తలచవలెను. పొయ్యి దగ్గరకు పీట వేసుకొని కూర్చుండి, ఆమెతో మాట్లాడుతూ, మొదటి తునక ఆమెకే త్రుంచి ఇచ్చినచో, ఆ యింటి వంటయిల్లు ఏ భోజనశాలకూ తీసిపోదు.

ఈ మూడు పట్టణాలనుండి పురుషులు సముద్రాలు దాటి పోయినందున, పొత్తుకు మరియొక రూపము ఏర్పడినది. దుబాయి, షార్జా, మస్కటు, బహ్రెయిను, కువైటు, సౌదీ దేశాలలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలవారు దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. గదిలో పలువురు కలిసియుంటారు. బియ్యము, పప్పు ఖర్చు పంచుకొంటారు; వంతులవారీగా వండుతారు. ఊరిలో పొయ్యి ముఖమెరుగని మగవాడు అక్కడ పప్పుచారు కాచుట నేర్చుకొంటాడు. ఉప్పు ఎక్కువైనా కసరుకొనేవారుండరు. రేపు వంతు తమదే కదా! అదే విధముగా భివండి, షోలాపురము, సూరతు పోయిన సిరిసిల్ల నేతవారు కూడ తమ ఊరివాని పక్కన కంచము పెట్టుకొని పరాయి ఊరిని కొంత తమదిగా చేసుకొన్నారు. దూరదేశమున జీతము బ్రతికించును. పక్కన కూర్చున్న మనిషి నిలబెట్టును.

మొదట వేసిన ప్రశ్నకు ఇక్కడ సమాధానము దొరుకుతున్నది. 2000 తరువాతి సంవత్సరాలలో సిరిసిల్ల నేతకార్మికుల ఆత్మహత్యల వార్తలు పలుమారులు పత్రికలకెక్కినవి. పని లేకపోవుట, అప్పులు, నూలు ధరలు, తక్కువ కూలి అని కారణాలు వినబడినవి. వాటిని పోగొట్టుటకు చాయ్ దుకాణము చాలదు; పని కావలెను, తగిన కూలి కావలెను. 2017లో రాష్ట్ర ప్రభుత్వము బతుకమ్మ చీరల నేతను సిరిసిల్లకు అప్పగించినప్పుడు సాంచెలు ఊపిరి పీల్చుకొన్నవి. పని వచ్చినప్పుడు హోటళ్ళు కూడ కళకళలాడుతవి. కాని పని పోయినవాడు అన్నిటికంటె ముందు మానుకొనేది ఏది? అన్నము కాదు, మిత్రునితో చాయ్. ఈ పూట అతడు త్రాగిస్తే రేపు నేను త్రాగించవలెను కదా అని సిగ్గుపడి దారి మార్చి నడుస్తాడు. కడుపు ఆకలి దాగదు. మాట ఆకలి దాగుతుంది. దాగిన ఆకలియే ప్రమాదకరమైనది.

అందువలన ఆ బల్లమీద ఒక చోటు ఖాళీ అయినప్పుడు గమనించవలసినది మిత్రుడే. రెండు దినాలు కనబడని సోపతిగానిని వెదకిపోయి, "రా, చాయ్ తాగుదాం. పైసల ముచ్చట తర్వాత" అని చేయిపట్టి తెచ్చుట చిన్న పని. దానికి ఇనుపపలక అక్కరలేదు, మంటల విన్యాసము అక్కరలేదు. ఓరుగంటి మిత్రులకు రూక అవసరమైనది. కోబె నగరములో అంతకంటె ఎక్కువ కావలెను. సిరిసిల్లలో సగము చాయ్ చాలును. వెలలు వేరు గాని కొనుక్కొనేది ఒక్కటే. పాఠశాలలో మధ్యాహ్నము డబ్బా విప్పే పిల్లలు ఒంటరిగా మూల కూర్చున్న తోటివానిని పిలిచి తమ మధ్య కూర్చుండబెట్టుకొనుట నేర్చినచో, 'పొత్తు' అనే పాత మాటకు వారే కొత్త ప్రాణము పోసినవారవుతారు.